చేతిపని వచ్చు, రాతపని అంటేనే చిరాకు: విమాన మెయింటెనెన్స్‌లో కొనసాగవచ్చా?

ప్రశ్న: ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) కోర్సులో బీ1.1, అంటే టర్బైన్ ఇంజిన్ విమానాల విభాగం చేస్తున్నాను. ఇప్పుడు ఒక హ్యాంగర్లో (విమానాల షెడ్డులో) ప్రాక్టికల్ ట్రైనింగ్‌లో ఉన్నాను. లైసెన్స్‌కి రాయాల్సినవాటిలో మాడ్యూల్ 9, 10 పరీక్షలు మిగిలాయి. చేతిపని బాగా చేస్తానని సీనియర్లు అంటారు. కానీ గంటలో అయిపోయే పనికి కాగితాలు నింపడానికి ముప్పావుగంట పడుతోంది. నాకది పరమ చిరాకు. పైగా నా చేతిరాత బాగుండదు. మొన్న షిఫ్ట్ మారేటప్పుడు ఒక ప్యానెల్ తెరిచి ఉందని రాయడం మరిచిపోయి అందరి ముందూ చీవాట్లు తిన్నాను. ఇంకోవైపు, నేను కళ్లతో చూడని పనులు కూడా చేసినట్టు నా ట్రైనింగ్ లాగ్‌బుక్‌లో రాయిస్తున్నారు. అడిగితే ‘అందరూ అంతే’ అంటున్నారు. ఇవన్నీ విని నాన్న, అది మానేసి బీటెక్‌లో చేరమంటున్నారు. ఏం చేయమంటారు? 
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: ముందు ఆ ప్యానెల్ సంగతి చూద్దాం. చీవాట్లు పెట్టినాయన మీద కోపం ఉంటే వదిలేయండి. మీరు చేసిన తప్పులాంటిదే, ఎవరూ పట్టుకోకపోతే ఎంతదూరం పోతుందో 1991లో అమెరికాలో తెలిసొచ్చింది.

ఆ విమానం పేరు కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574. ఎంబ్రేయర్ 120 రకం, రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. దాని తోక ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంలా ఉంటుంది. అంటే అడ్డంగా ఉండే స్టెబిలైజర్, నిలువు తోకకి పైకొసన ఉంటుంది. దాని పైభాగంలో ఏముందో, ఏం లేదో నేల మీద నిలబడ్డవాడికి కనిపించదు. సెప్టెంబర్ 10 రాత్రి హ్యూస్టన్‌లోని హ్యాంగర్లో ఆ స్టెబిలైజర్ ముందంచుకి ఉండే డీ-ఐసింగ్ బూట్లు (పేరుకున్న మంచుని రాల్చే రబ్బరు తొడుగులు) మార్చే పని పెట్టుకున్నారు. మెకానిక్‌లకి సాయం చేద్దామని ఒక ఇన్‌స్పెక్టర్ తనంతట తానే పైకెక్కి, రెండువైపులా ముందంచుని పట్టి ఉంచే పై స్క్రూలు విప్పేశాడు. కుడివైపు పని నడుస్తుండగానే షిఫ్ట్ అయిపోయింది. ఎడమవైపు కింది స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి కాబట్టి, అటువైపు ఇంకా ముట్టుకోలేదనే తర్వాతి షిఫ్ట్ వాళ్లు అనుకున్నారు. పైన మాత్రం 47 స్క్రూలు లేవు.

ఆ మాట టాస్క్ కార్డ్‌లో, అంటే ఏ స్టెప్ అయిందో రాసి సంతకం పెట్టే కాగితంలో ఎక్కలేదు. రాత్రి షిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ డ్యూటీకి కాస్త ముందే వచ్చి హ్యాండోవర్ (షిఫ్ట్ అప్పగింత) రికార్డు చూశాడు, పాపం. అప్పటికి పాత షిఫ్ట్ ఇన్‌స్పెక్టర్ ఈ విమానం గురించి ఏమీ రాయలేదు. ఆయన రాసే వేళకి ఈయన చదవడం అయిపోయింది. మర్నాడు ఉదయం లారెడో నుంచి హ్యూస్టన్ వస్తుండగా ఈగిల్ లేక్ అనే ఊరి దగ్గర ఆ ఎడమ ముందంచు ఊడిపోయింది. విమానంలో ఉన్న 14 మందీ చనిపోయారు.

ఆ స్క్రూలు విప్పినాయన పనిరానివాడు కాదు, పని దొంగా కాదు. మీలాగే చేయి ఊరుకోని మనిషి. మీ గురించి నాకు దిగులు కలిగేది అక్కడే. కాగితం ఆఫీసు వాళ్ల కోసం నింపేదని మీరు అనుకుంటున్నట్టుంది. మీరు ఇంటికెళ్లి పడుకున్నాక, మీ ముఖం కూడా తెలియని ఒక మనిషి టార్చ్ పట్టుకుని అదే విమానం దగ్గరికి వస్తాడు. మీరు ఎక్కడ ఆపారో అతనికి తెలిసేది ఆ కార్డ్ వల్లే. కాబట్టి ఆ ముప్పావుగంటని పని అయ్యాక వచ్చే శిక్షలా లెక్కపెట్టకండి. అప్పుడు మీ పని గంట కాదు, గంటా ముప్పావు.

ఈమధ్య జరిగినదే కావాలంటే, 2024 జనవరి 5 నాటి అలస్కా ఎయిర్‌లైన్స్ 1282 ఉంది. పోర్ట్‌లాండ్‌లో లేచిన కొద్ది నిమిషాలకే బోయింగ్ 737 మ్యాక్స్ 9 పక్కగోడలోంచి తలుపంత ముక్క ఎగిరిపోయింది. తలుపు అక్కర్లేని చోట దారిని మూసేసే డోర్ ప్లగ్ అది. 177 మంది ఉన్నారు, ఎవరి ప్రాణానికీ ముప్పు రాకపోవడం అదృష్టం. విమానం ఎయిర్‌లైన్స్ చేతికొచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది, అంతే. ఫ్యాక్టరీలో పక్కనున్న రివెట్లు బాగుచేయడానికి ఆ ప్లగ్ తెరిచారు. తిరిగి మూసినప్పుడు దాన్ని పట్టి ఉంచాల్సిన 4 బోల్టులు పెట్టలేదు. అసలు కిటుకు ఇక్కడుంది. తెరిచినప్పుడు ‘తీశాం’ అని ఒక రికార్డు పుట్టాలి. అది పుడితే, మూసినాక తనిఖీ చేయాలన్న పని దాని వెనకే వస్తుంది. తెరిచిన రికార్డే లేకపోయేసరికి, అక్కడ తనిఖీ చేయాల్సింది ఒకటుందని కూడా ఎవరికీ తెలియలేదు. బోల్టులు మరవడం మనిషి చేసే తప్పు, అది ఎవరికైనా జరుగుతుంది. దాన్ని పట్టుకోవాల్సిన వల లేకుండా పోయింది చూశారా, అది పెద్ద తప్పు.

రాతపనిలో చదవడం కూడా భాగమే. 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390లో కాక్‌పిట్ అద్దం ఊడిపోయి, కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లి కూడా బతికిన కథ మీరు వినే ఉంటారు. ఆ అద్దానికి కొత్తగా పెట్టిన 90 బోల్టుల్లో 84 సన్నవి. తేడా 0.66 మిల్లీమీటర్లు. పార్ట్స్ కేటలాగ్ తెరిచి చూడకుండా, పాత బోల్ట్ పక్కన పెట్టి కంటితో పోల్చి తెచ్చింది బాగా అనుభవం ఉన్న షిఫ్ట్ మేనేజర్. చేయి తిరిగినవాళ్లకే ఈ గండం ఎక్కువని నా అభిప్రాయం.

ఇక లాగ్‌బుక్. దీని మీద మెత్తగా మాట్లాడను. చేయని పని చేసినట్టు రాయడం ఈరోజే ఆపేయండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మీకు లైసెన్స్ ఇచ్చేది ఆ అనుభవాన్ని నమ్మే. రేపు మీరు సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్ మీద, అంటే విమానం ఎగరడానికి సిద్ధమని చెప్పే పత్రం మీద సంతకం పెడితే, దాన్ని నమ్మి పైలట్ విమానం ఎక్కుతాడు. అబద్ధంతో మొదలైన సంతకం తర్వాత దానంతటదే నిజాయితీగా మారుతుందని నేను అనుకోను. మాడ్యూల్ 9 అంటే హ్యూమన్ ఫ్యాక్టర్స్, అందులో ‘డర్టీ డజన్’ ఎలాగూ చదువుతారు. మనిషిని తప్పులోకి లాగే పన్నెండు కారణాల జాబితా అది. అందులో ‘నార్మ్స్’ అని ఒకటుంది. మీ సీనియర్లు చెప్పిన ‘అందరూ అంతే’కి పుస్తకంలో పెట్టిన పేరే అది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మీరు చటుక్కున రాసేయగలరు!

ఇప్పటికే రాసినవాటిని ఏం చేయాలి? చెరపకండి, వైట్‌నర్ అసలే వద్దు. మీ ట్రైనింగ్ ఇన్‌చార్జ్ దగ్గరికి ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ‘ఈ పనులు నేను చూడలేదు సార్, ఎంట్రీ కొట్టేసి, మళ్లీ ఆ పని పడినప్పుడు నన్ను వేయండి’ అని అడగండి. కొట్టేసినా కింద ఉన్నది కనిపించేలా ఒక్క గీత, పక్కన సంతకం, తేదీ. ఈ రంగంలో దిద్దుబాటు పద్ధతి అదే. తప్పు ఎత్తిచూపినట్టు కాకుండా పని నేర్చుకోవాలన్నట్టు అడిగితే చాలామంది కాదనరు. ఎంతకీ వినకపోతే డీజీసీఏకి స్వచ్ఛందంగా రిపోర్ట్ చేసే ఏర్పాటు ఉంది. అది ఆఖరి మెట్టు.

చిరాకు తగ్గడానికి నాకు తెలిసినంతలో మందు ఒకటే. కాగితాన్ని చివరికి పోగేయకండి. కార్డ్ చేతిలో పెట్టుకుని, ఒక స్టెప్ అయితే ఆ స్టెప్‌కి సంతకం. పది స్టెప్పులకి ఒకేసారి టకటకా సంతకాలు పెట్టేటప్పుడే గుర్తున్నట్టు అనిపించేవి కలిసిపోతాయి. మధ్యలో ఎవరైనా పిలిచి వెళ్తే, తిరిగొచ్చాక ఆగిన చోటు నుంచి కాకుండా మూడు స్టెప్పులు వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోండి. షిఫ్ట్ అప్పగించేటప్పుడు అయిపోయిన పనులకంటే ముందు, తెరిచి వదిలినవి రాయండి. వీలైతే విమానం దగ్గరే నిలబడి, వచ్చినవాడికి వేలితో చూపించండి. హ్యూస్టన్‌లో కాస్త ముందే వచ్చిన ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఆ రాత్రి దొరకనిది అదే.

నాన్నగారి మాటకి వస్తే, ఆయన భయం అర్థమవుతోంది. కానీ బీటెక్ చేస్తే ఏఎంఈ లైసెన్స్ రాదు, రెండు దారులు వేరు. కోర్సు ఇంత దూరం వచ్చి, రెండు మాడ్యూళ్లే మిగిలిన దశలో వదిలేయడం నాకు సబబుగా లేదు. డిగ్రీ కావాలంటే ఉద్యోగంలో ఉంటూ దూరవిద్యలో చేసుకోవచ్చు. శంషాబాద్‌లో పెద్ద ఎంఆర్‌ఓ (విమానాల మరమ్మతు కేంద్రం) ఉంది, 2025 నవంబర్‌లో ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్ వాళ్ల లీప్ రకం జెట్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి కూడా అక్కడే ప్రారంభోత్సవం జరిగింది. ఇంటికి మరీ దూరం కాదని ఆయనకి చెప్పండి.

ఒక చిన్నమాట, చిరాకు పడుతూనే వినండి. మన ఎయిర్‌లైన్స్ విమానాల్లో చాలావరకు లీజువి. లీజు తీరి తిరిగి అప్పగించేటప్పుడు కాగితం లేని భాగం, ఎంత బాగా పనిచేస్తున్నా, విలువ పోగొట్టుకుంటుంది. ఇంజిన్లో ఆయుష్షు లెక్కపెట్టే డిస్కుల్లాంటివాటికి పుట్టిన రోజు నుంచి చరిత్ర చూపించాలి. అందుకే టెక్నికల్ రికార్డ్స్, ప్లానింగ్ విభాగాలకి విమానాల మీద చేత్తో పనిచేసి వచ్చినవాళ్లంటే గౌరవం. నలభై ఏళ్లు దాటాక, రాత్రి డ్యూటీలకి నడుం సహకరించనప్పుడు మీరే అటు చూస్తారేమో.

చేతిరాత గురించి మాత్రం దిగులు పడకండి. కార్డుల మీద గొలుసుకట్టు రాత వద్దు, పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు విడివిడిగా రాయండి. అంకెల్లో 1, 7 తేడా తెలియాలి. మీ ఉత్తరం చేత్తో రాసిందే కదా, రెండోసారి చూడకుండా చదివేశాను.