బంతి ముట్టని బలగం

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. వాళ్ల కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూశాను. ముందు వరసలో ఐదుగురు భారీకాయులు బంతి ముట్టకుండా ఎదుటివాళ్లను తోస్తూనే ఉన్నారు. దీనికీ ప్రత్యేకంగా కోచ్ ఎందుకు?

జవాబు: ఒకరు ముడతారు లెండి. నడుమ ఉండే సెంటర్ బంతిని వెనక్కి, దాన్ని విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు అందిస్తేనే ఆట మొదలవుతుంది. సెంటర్‌కు అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిళ్లు. ఎదుటివాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టకుండా కాచేది ఈ ఐదుగురే.

మొదట్లో నా కళ్లూ బంతి వెంటే పరుగెత్తేవి. ఒకసారి పట్టుబట్టి ఎడమ టాకిల్‌నే చూశాను. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ వీపు అటే ఉంటుంది కాబట్టి ఈ టాకిల్ కాపలా కీలకం. బంతి కదలగానే ఒక పొట్టి అడుగు వెనక్కి, మోకాళ్లు వంచి, అరచేతులు ప్రత్యర్థి ఛాతీ మీదికి. చేయి పక్కకు జారి చొక్కా పట్టుకుని లాగాడా, పది గజాల శిక్ష!

అసలు చిక్కు వేరు. ఎదుటివాళ్లిద్దరు ఉన్నట్టుండి దారులు మార్చుకుంటారు. గార్డు, టాకిల్ ఎవరి మనిషి వెంట వాళ్లు పోతే ఒకరినొకరు గుద్దుకుంటారు, మధ్యలో తలుపు బార్లా తెరుచుకుంటుంది. మాట అనుకునే వ్యవధి ఉండదు. తన మనిషిని పక్కవాడికి అప్పగించి, వచ్చేవాడిని అందుకోవాలి. కోచ్ నెలల తరబడి రుద్దేది దీన్నే. అందుకే కాబోలు, 2015లో మొదలైన జో మూర్ అవార్డును ఒక ఆటగాడికి కాక, మొత్తం వరసకే ఇస్తారు. మూర్ పిట్స్‌బర్గ్, నోటర్ డేమ్ విశ్వవిద్యాలయాల జట్లలో ఈ వరసకు శిక్షణ ఇచ్చినవాడే.