ఖాళీ కుర్చీలో నాన్నను కూర్చోబెట్టడం అపచారమా?

ప్రశ్న: నాకు నలభై రెండేళ్ళు. కడపలో బ్యాంకు ఉద్యోగం. ఉన్న నాలుగెకరాల చేను తమ్ముడి పేరున రాశారని మా తండ్రిగారితో మాటలు మానేశాను. ఎనిమిది నెలల తర్వాత ఆయన గుండెపోటుతో పోయారు. శవం దగ్గర కూడా ఏడుపు రాలేదు. అప్పటి నుంచి రెండేళ్ళుగా తెల్లవారుజామున నాలుగింటికి లేచి ధ్యానం చేస్తున్నాను, సత్సంగానికి వెళుతున్నాను. మనసు ప్రశాంతంగానే ఉంది. మావారు మాత్రం నేను రాయినైపోయానంటున్నారు. ఆయన పోరు పడలేక గెస్టాల్ట్ పద్ధతిలో కౌన్సెలింగ్ చేసే ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. ఆమె ఖాళీ కుర్చీ వేసి, అందులో తండ్రిగారు ఉన్నారనుకుని చెప్పాలనుకున్నది చెప్పమన్నారు. లేచి వచ్చేశాను. చనిపోయినవారిని నిందించడం పాపం కాదా? కోపం మాయ, సాక్షిగా చూసి వదిలేయమని సత్సంగంలో చెబుతారు. ఈమె కోపాన్ని తవ్వమంటున్నారు. దేన్ని వదలాలి?

జవాబు: అమ్మా, ముందు పాపం సంగతి చూద్దాం. పల్లెల్లో శవం మీద పడి శోకాలు పెట్టే ఆడవాళ్ళు ఏమంటారో మీరు వినే ఉంటారు. నన్ను నడిమధ్యలో వదిలి పోతావా, నీకు నేనేం తక్కువ చేశాను అని పోయినవాణ్ణే నిలదీస్తారు. దాన్ని ఎవరూ పాపమనరు. తద్దినం నాడు పిండం పెట్టి కాకి కోసం చూస్తాం. అది ముట్టకపోతే చేతులు జోడించి, ఏం లోటైందో చెప్పు నాన్నా అని బతిమాలుతాం. కాకితో మాట్లాడటం ఆచారమైనప్పుడు కుర్చీతో మాట్లాడటం అపచారం ఎందుకవుతుంది? ఆ కుర్చీలోకి ఆత్మలేవీ దిగిరావు. మీలో మిగిలిపోయిన మనిషితోనే మీరు మాట్లాడతారు.

ఇక ఆధ్యాత్మికతకూ ఈ పద్ధతికీ వైరముందా? చుట్టరికమే ఉంది. గెస్టాల్ట్ అంటే జర్మన్ భాషలో ఆకారం, సమగ్ర రూపం. హిట్లర్ అధికారంలోకి వచ్చాక జర్మనీ వదిలి దక్షిణాఫ్రికాకూ, తర్వాత న్యూయార్క్‌కూ చేరిన ఫ్రిట్జ్ పెర్ల్స్, లారా పెర్ల్స్ దంపతులు ఈ కౌన్సెలింగ్ పద్ధతికి ఆద్యులు. ఫ్రిట్జ్, మరో ఇద్దరు రచయితలతో కలిసి రాసిన మూలగ్రంథం 1951లో వచ్చింది. ఫ్రిట్జ్ దైవభక్తుడేమీ కాదు. అయినా 1960లలో జపాన్‌లోని క్యోటోకు వెళ్ళి జెన్ అనే బౌద్ధ ధ్యాన సాధన రుచి చూశాడు. లారా అంతకు చాలా ముందే, విద్యార్థినిగా, యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ ఉపన్యాసాలు విన్నది. ఎదుటివాణ్ణి ఒక వస్తువులా కాక ‘నువ్వు’ అని పలకరించగలిగిన చోటే దైవం తారసపడుతుందన్నది బూబర్ ఆలోచన. మీ ఇంట్లో ఆ పలకరింపు ఆగిపోయిందనే కదా మీవారి గోడు!

గెస్టాల్ట్‌లో అన్నిటికన్నా విలువైనది ఎరుక. ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు గమనించడం. మీ సత్సంగంలో చెప్పే సాక్షికి ఇది దగ్గరి బంధువే. కాకపోతే సాక్షి చూసి వదిలేస్తాడు, ఇక్కడ ఇంకొంచెం దగ్గరికి వెళ్ళమంటారు. మీ చిక్కు ఆ తేడాలో లేదు. మీరు చూడకుండానే వదిలేశాననుకుంటున్నారు. ధ్యానంలో నాన్న గుర్తుకు రాగానే శ్వాస మీదికి పారిపోతున్నారని నా అనుమానం. బౌద్ధ సాధన చేసిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వెల్‌వుడ్, గాయాన్ని తాకకుండా సాధన పేరుతో పక్కదారిన దాటిపోవడం గురించి 1984లోనే హెచ్చరించాడు. ఆయన ధ్యానాన్ని వదిలేయమనలేదు. నేనూ అనను.

పెర్ల్స్ దంపతులు తిండి నమలడం గురించి చాలా ఆలోచించారు. పెద్దలు చెప్పింది నమలకుండా మింగితే అది ఒంటబట్టదని, అరగని ముద్దలా లోపలే ఉండిపోతుందని వాళ్ళ మాట. మనం రాగి సంగటిని పులుసులో అద్దుకుని గుటుక్కున మింగేవాళ్ళం, కాబట్టి ఈ పోలిక మనకు కొంచెం కష్టమే. సంగటి మింగినా అరుగుతుంది. ‘తండ్రి మీద కోపం తెచ్చుకోకూడదు’, ‘పెళ్ళయిన కూతురికి చేను మీద ఆశ ఉండకూడదు’ లాంటివి మింగితే అరగవు. ‘కోపం మాయ’ అన్నదీ మీరు అలా మింగిందేనేమో చూసుకోండి. అది ఎంత గొప్ప మాటైనా సరే. (చేను మీద హక్కు ఉందో లేదో లాయరును అడగండి. ఆ తగాదాను ధ్యానమూ తీర్చదు, కుర్చీ తీర్చదు.)

శాంతంగా మారాలని మీరు రెండేళ్ళుగా కష్టపడుతున్నారు. ఆర్నాల్డ్ బైసర్ అని ఒక మానసిక వైద్యుడు ఉండేవాడు. టెన్నిస్ బాగా ఆడేవాడు. యువకుడిగా ఉండగానే పోలియో వచ్చి పక్షవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 1970లో ఆయన రాసిన వ్యాసం గెస్టాల్ట్‌వాళ్ళకు కంఠతా వచ్చినట్టే. మనిషి తాను కానిది కావాలని పెనుగులాడినంత కాలం మారడు, ఉన్నట్టుగా పూర్తిగా ఉండగలిగినప్పుడు మార్పు దానంతటదే మొదలవుతుంది అన్నది దాని సారం. ఒంటి మీద అదుపు పోయిన మనిషి చెప్పాడు కాబట్టి నాకు ఆ మాట మీద గురి.

అందుకని నాలుగింటి ధ్యానం మానకండి. నాన్న గుర్తొచ్చిన రోజు మాత్రం శ్వాస మీదికి వెళ్ళకుండా, గొంతు పట్టేసిందా, దవడ బిగిసిందా, గుండె దగ్గర బరువుందా అని చూడండి. పది నిమిషాలు చాలు. ఏడుపొస్తే రానివ్వండి. ధ్యానం చెడిందని లెక్కేసుకోకండి. ఒకవేళ నిద్ర పట్టకపోయినా, బతకడం దండగనిపించినా ఒంటరిగా లోతుకు పోవద్దు. మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఆ కౌన్సెలర్ కొంచెం తొందరపడ్డారనే అనుకుంటున్నాను. మొదటి రోజే కుర్చీ వేయాల్సింది కాదు. వద్దనే హక్కు మీకుంది, లేచి రావడమూ తప్పేమీ కాదు. అయితే ఒక సంగతి. మీ ఉత్తరం నాలుగు పేజీలు. అంతటా ‘తండ్రిగారు’ అనే రాశారు. మూడో పేజీలో ఒక్కచోట ‘నాన్న’ అని రాసి, కొట్టేసి, పైన మళ్ళీ ‘తండ్రిగారు’ అని దిద్దారు. ఈసారి వెళ్ళినప్పుడు కుర్చీ ఇప్పుడే వద్దని చెప్పి, ఆ కొట్టివేత గురించి ఆమెకు చెప్పండి.