జీతం సరే, గంటల లెక్కే తప్పింది

అన్నా, హన్మకొండ టిఫిన్ సెంటర్‌లో కనీస వేతనం ఇస్తూ, పైన భోజనం కూడా పెడుతున్నా నోటీసు ఎందుకొచ్చిందని అడిగారు. చిక్కంతా మీ పది గంటల డ్యూటీలోనే ఉంది. ఎనిమిది దాటిన ప్రతి గంటకూ రెట్టింపు కట్టాలి. మూల వేతనం, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపి నెలకు 13,000 అనుకోండి. నెలలో 26 పని దినాలతో భాగిస్తే రోజుకు 500, గంటకు 62.50, ఓటీ (అదనపు గంట కూలి) 125. రోజూ 2 గంటలంటే నెలకు మనిషికి 6,500! చిన్న హోటల్ ఏం తట్టుకుంటది?

అందుకే ఒకరిని పొద్దున 5కు, ఇంకొకరిని 7కు రమ్మని, ఎనిమిది గంటలు కాగానే పంపేయండి. రద్దీ టైంలో ఇద్దరూ ఉంటారు, ఓటీ పడదు. భోజనం ఖర్చు మీ అంతట మీరే జీతంలో కోయకండి. వీడీఏ ఏప్రిల్, అక్టోబర్‌లలో మారుతుంది. పాత రేటే ఇస్తే బకాయి పేరుకుంటది. జీతం ఖాతాలోనే వేయండి. వచ్చిన, వెళ్లిన టైం రాసి రోజూ సంతకం తీసుకోండి.