వ్యాన్‌లో గ్యాస్ గీజర్ బిగించబోయే ముందు

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. అద్దాలు కడిగే వ్యాన్‌లో గ్యాస్ గీజర్ పెట్టి, ఇకపై వేడినీళ్లతో పని చేద్దామనుకుంటున్నావని రాశావు. సంతోషం వేసింది, కాస్త భయమూ వేసింది. ఏ గీజర్ కొనమంటావు బాబాయ్ అని అడిగావు. అది చెబుతాను. ముందు దాని పొగ ఎటు పోవాలో మాట్లాడుకుందాం.

నేను మొదలుపెట్టిన కొత్తలో గీజర్‌ను వ్యాన్ లోపల పక్క గోడకు బిగించుకున్నాను. తలుపు బార్లా తీసి పని చేస్తున్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు పొద్దున్నే జోరుగా వాన. జల్లు లోపలికి కొడుతోందని తలుపు లాగేసి, పైపు పట్టేంత సందు మాత్రం వదిలాను. నాతో వచ్చే కుర్రాడు బయట పోల్ (చివర బ్రష్ ఉండి, నీళ్లు పారే పొడవాటి కర్ర) పట్టుకుని పై అంతస్తు కిటికీలు కడుగుతున్నాడు. నేను లోపల కూర్చుని పంపు కంట్రోలర్ సరిచేస్తున్నాను. కాసేపటికి తల దిమ్ముగా అయింది. పొద్దున ఏమీ తినలేదు కదా, అందుకే అనుకున్నాను. తర్వాత కడుపులో తిప్పింది. లేచి తలుపు తీయబోతే వేళ్లకు పట్టు దొరకలేదు, మోకాళ్లు జారిపోయాయి. పైపు అందడం లేదని చెప్పడానికి ఆ కుర్రాడు వచ్చి తలుపు లాగబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏ వాసనా రాలేదు. పొగ కనిపించలేదు. మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. గ్యాస్ లీకైతే మన ముక్కు పట్టేస్తుంది, ఎందుకంటే దానికి కావాలనే వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ వాసన కూడా ఉండదు. తలనొప్పి, వికారం, నీరసం... మనిషి జ్వరం వస్తుందేమో అనుకుంటాడు.

అందుకే ఆరుబయట వాడమని రాసి ఉన్న క్యాంపింగ్ గీజర్‌ను వ్యాన్ లోపల బిగించకు. చవకగా దొరుకుతుంది, తేలిగ్గా ఉంటుంది, చాలామంది అదే పెడతారు. నువ్వు పెట్టకు. కాలడానికి కావలసిన గాలిని బయటి నుంచే పీల్చుకుని, పొగను గొట్టం ద్వారా బయటికే వదిలే రకం ఉంటుంది, అది కూడా వాహనాల్లో వాడటానికి తయారైనది తీసుకో. గ్యాస్ పని లైసెన్సు ఉన్న మనిషి చేత బిగించుకో. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పు. ఇంత చేశాక కూడా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఉండాల్సిందే. నెలకోసారి దాని బటన్ నొక్కి చూడు. చలిగా ఉందని గీజర్ వెలుగుతున్న వ్యాన్‌లో కూర్చుని అన్నం తినడం, కునుకు తీయడం మాత్రం వద్దు నాయనా.

ఇక సిలిండర్. ఎల్పీజీ గాలికన్నా బరువు. ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు. లీకైతే పైకి పోదు, నీళ్లలా కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. కిటికీ తీసి ఉంది కదా అని ధైర్యపడితే లాభం లేదు. సిలిండర్‌కు విడిగా ఒక పెట్టె కట్టించు. దాని గాలి వ్యాన్ లోపలికి రాకూడదు, అడుగున రంధ్రం బయటికి ఉండాలి, ఆ రంధ్రం సైలెన్సర్ దగ్గర పడకూడదు. సిలిండర్‌ను నిలబెట్టే ఉంచాలి, బెల్టుతో బిగించాలి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. బండి కదిలే ముందు వాల్వ్ కట్టెయ్. పక్క వీధికి వెళ్లినా సరే.

సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నురగ పూసి చూడు. వాల్వ్ తెరిచి, నట్టు చుట్టూ నురగ రాసి, వంగి దగ్గరగా చూడాలి. ఏమీ లేకపోతే నురగ అలాగే నెమ్మదిగా ఆరిపోతుంది. లీకుంటే ఒకచోట ఆవగింజంత బుడగ లేచి, శనగగింజంత అయి, పగిలి, మళ్లీ అక్కడే లేస్తుంది. అంత చిన్న బుడగను కూడా వదిలెయ్యకు.

గీజర్ సంగతికి వస్తే, పెద్దది కొంటే మంచిదనుకుంటారు. లెక్క చూడు. పోల్‌లో నిమిషానికి 2 లీటర్లు పోతాయనుకుందాం. వాటిని 30 డిగ్రీలు పెంచడానికి నీళ్లలోకి చేరవలసిన వేడి సుమారు 4.2 కిలోవాట్లే. పొగతో పోయేది కలిపినా 5 పైచిలుకు, అంటే గంటకు ఓ 400 గ్రాముల గ్యాస్. ఇంటి స్నానానికి చేసిన గీజర్ దీనికి రెండు మూడింతలు ఉంటుంది. ఇంత సన్నటి ధారకు అది వెలగనే వెలగదు, లేదా నీళ్లను మరిగించేస్తుంది. తక్కువ ధారకు వెలిగేది, మంటను బాగా తగ్గించుకోగలిగేది వెతుకు.

ఇంకో సంగతి ఉంది, ఇది పనిలో దిగితే గానీ తెలియదు. బ్రష్ దగ్గర నీళ్లు ఆపితే మంట ఆరిపోతుంది, కానీ రాగి కాయిల్‌లో వేడి అలాగే ఉంటుంది. అందులో నిలిచిన నీళ్లు ఇంకా కాగుతాయి. మళ్లీ తెరవగానే మొదటి గుక్క సలసలా వస్తుంది. దాన్ని నేల మీదికి వదిలెయ్, తర్వాతే అద్దం మీదికి ఎత్తు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని కాల్చేస్తాయి. చల్లబడి ఉన్న అద్దం మీద అలాంటివి పడితే ఒక్కసారిగా పగులు పాకవచ్చు. ముందే అంచున చిన్న చీలిక ఉన్న అద్దమైతే మరీను. చలి రోజుల్లో గోరువెచ్చగా మొదలుపెట్టి నెమ్మదిగా పెంచు. బ్రష్ దగ్గర 40 డిగ్రీలుంటే చాలు. ఎక్కువ వేడికి పైపు మెత్తబడి కీళ్ల దగ్గర ఊడుతుంది కూడా.

శుద్ధి చేసే సామాను అంతా గీజర్‌కు ముందే ఉండాలి. నీళ్లలోని లవణాలను వడగట్టే ఆర్వో పొరకు సాధారణంగా 45 డిగ్రీలు దాటకూడదు, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుళికలకూ వేడి పడదు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూసేది కూడా చల్లటి నీళ్లనే.

మంచు కురిసే చోట పని చేసేటట్టయితే సాయంత్రం గీజర్‌లో చుక్క మిగలకుండా నీళ్లు దించెయ్. ఒక్క రాత్రి గడ్డ కడితే కాయిల్ చీలిపోతుంది. సిలిండర్ కూడా ప్రొపేన్‌దే తీసుకో. అది మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది.

అన్నిచోట్లా వేడినీళ్లు అక్కర్లేదు. నెలనెలా కడిగే ఇళ్లకు చల్లటి నీళ్లే చాలు, ఎండ మీద ఉన్న అద్దానికైతే అవే మేలు. మొదటిసారి కడిగే కిటికీలు, పక్షి రెట్టలు, చెట్టు జిగురు, వంటింటి జిడ్డు, వీటి దగ్గర వేడినీళ్ల విలువ తెలుస్తుంది. రెట్ట మీద అరనిమిషం తడి నిలిపి, తర్వాత బ్రష్ ఆనించు. గట్టిగా రుద్దనక్కర్లేదు, జారిపోతుంది. చలికాలంలో బ్రష్ కుచ్చు బిర్రబిగుసుకోదు, పైపు మెలికలు పడదు, చేతులకూ హాయి.

నేలకు రంధ్రాలు కొట్టకముందే ఒకసారి వ్యాన్ తీసుకురా. పొగ గొట్టం ఎటు తీయాలో, సిలిండర్ పెట్టె ఎక్కడ పడుతుందో ఇద్దరం సుద్దముక్కతో గీసుకుందాం.

నీ బాబాయి