వేల్స్ రాతి ఇళ్ళ వరుసలు: ఏడాదిపాటు ఉన్నాను కాబట్టి చెబుతున్నాను

వేల్స్ పల్లెల్లో రాతి ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని వరుసగా ఎందుకుంటాయి, లోపల ఎలా ఉంటాయి అని అడిగారు. బ్యాంగర్‌లో చదువుకునేటప్పుడు పక్కనే బెథెస్డాలో అలాంటి ఇంట్లో అద్దెకున్నాను. అందుకని ఉత్తర వేల్స్ వరకు చెప్పగలను.

అక్కడి వరుసలు చాలావరకు రైతుల ఇళ్ళు కావు, పలకరాయి క్వారీల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళు. మాది మార్కాపురం, పలకల ఊరు, కాబట్టి బెథెస్డాలో దిగిన మొదటిరోజే ఊరి పైన కొండంత ఎత్తున ఉన్న రాతి తుక్కు గుట్టలు చూసి నాకు వింతగా ఏమీ అనిపించలేదు. కప్పు మీద పలకలు, గుమ్మం ముందు మెట్టు, పొయ్యి చుట్టూ రాయి, చివరికి పెరటి కంచె కూడా అదే రాయి! సన్నటి పలకలు నిలువుగా పాతి పైన తీగతో అల్లేస్తారు, దాన్ని క్రావియై అంటారు.

ఇక కట్టుబడి. మధ్య గోడ ఉమ్మడి కాబట్టి రాయీ కలిసొస్తుంది, ఖర్చూ తగ్గుతుంది, పక్కింటి పొయ్యి వేడి మీకూ కాస్త అందుతుంది. లోపల పొయ్యి ఉన్న పెద్ద గది ఒకటి, వెనక చిన్న గది, అంతే. పాతవాటిలో పై అంతస్తు ఉండేది కాదు, ఇంట్లో సగం మేర మాత్రం మన అటకలాంటిది కట్టి నిచ్చెన వేసేవారు, పిల్లలు అక్కడే పడుకునేవారు. క్రోగ్‌లోఫ్ట్ అంటారు దాన్ని. గోడలు ఎంత మందమంటే, మా కిటికీ గట్టు అంచున మోచెయ్యి ఆనిస్తే వేళ్ళ చివర్లు అద్దానికి తగిలేవి.

ఆ గోడలు రాయీ సున్నమూ కలిపి కట్టినవి, వానకు తడి పీలుస్తాయి, గాలికి ఆరిపోతాయి. నేనున్న ఇంట్లో ఎవరో ఒక గోడకి సిమెంటు పూత వేయించారు, నవంబరు వచ్చేసరికి ఆ గోడంతా నల్లటి బూజు, బట్టలకి కూడా ఆ వాసనే. పక్కింటి పెద్దాయన వచ్చి తాళంచెవితో గోడని అక్కడక్కడా తట్టి చూపించారు, పూత ఊడిన చోటల్లా డొల్లగా మోగింది. సిమెంటు తడిని లోపలే బంధించేస్తుంది. అలాంటి ఇల్లు ఎవరైనా కొనాలనుకుంటే ముందు చూడాల్సింది ఇదే, మిగతావన్నీ తర్వాత.

చరిత్రలో నన్ను బాగా కదిలించినవి రెండు. ఒకటి లీజు. క్వారీ ప్రాంతాల్లో భూమి చాలావరకు ఎస్టేట్లది, పనివాడు లీజుకి తీసుకుని సొంత కష్టంతో ఇల్లు కట్టుకున్నా, గడువు తీరాక ఇల్లు కూడా భూస్వామికే పోయేది. రెండోది బెథెస్డా పక్కనే ఉన్న పెన్‌రిన్ క్వారీ సమ్మె, 1900 నవంబరు నుంచి 1903 వరకు. 1901లో కొన్ని వందలమంది తిరిగి పనిలోకి వెళ్ళాక, సమ్మెలో నిలబడినవాళ్ళు కిటికీల్లో ఒక కార్డు పెట్టారు: నిడ్ ఓయిస్ బ్రాడుర్ అన్ అ టీ హూన్. అంటే ఈ ఇంట్లో ద్రోహి లేడు అని. వరుస ఇళ్ళలో అదెలా ఉంటుందో ఆలోచించండి, ఒక కిటికీలో కార్డు ఉంది, పక్క కిటికీలో లేదు, మధ్యలో ఉన్నది ఇద్దరిదీ అయిన ఒక్క గోడ. పక్కింట్లో దగ్గితే వినపడే ఇంట్లో ఉన్నాను కాబట్టి నాకు అది బాగా అర్థమైంది.

చూడాలంటే లాన్‌బెరిస్‌లోని స్లేట్ మ్యూజియంలో ఫ్రోన్ హౌల్ ఇళ్ళున్నాయి. తాన్‌అగ్రిషై అనే ఊళ్ళో కూల్చేయాల్సిన నాలుగు ఇళ్ళ వరుసని రాయి రాయీ విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. మూడిళ్ళలో మూడు కాలాలు చూపిస్తారు: 1861, సమ్మెనాటి 1901, లాన్‌బెరిస్ పక్కనున్న డినోర్విగ్ క్వారీ మూతపడిన 1969. 1861 ఇంటి నుంచి 1969 ఇంటికి నడిస్తే సామాను మారుతుంది గానీ గది కొలత అదే. నేను అక్కడ గంటన్నర ఉన్నాను. పునరుద్ధరణ పనుల కోసం మ్యూజియాన్ని 2024 నవంబరులో మూశారు, కాబట్టి తెరిచారో లేదో కనుక్కుని బయల్దేరండి. ఈలోగా వెళ్తే బెథెస్డా వీధుల్లోనే తిరగండి, అక్కడి వరుసల్లో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు.