ఒక్క ఫోన్ చేసుకుంటే సరిపోయేదిగా!

ప్రశ్న: నా నవలలో ఆరేళ్ల కిందట విడిపోయిన ఇద్దరు మళ్లీ ఎదురుపడతారు. అప్పట్లో అతను రాసిన ఉత్తరాన్ని ఆమె అక్క దాచేసింది. ఆ సంగతి చివరి అధ్యాయంలో బయటపడుతుంది. చదివినవాళ్లంతా ‘ఒక్క ఫోన్ చేసుకుంటే సరిపోయేదిగా’ అంటున్నారు. ఉత్తరం తీసేయాలా?

జవాబు: అక్కర్లేదు. ఉత్తరం దాచడం ఒక్క పూట పని. ఆ తర్వాత ఆరేళ్లపాటు ఇద్దరూ నోరెందుకు మెదపలేదో మీరు రాయలేదు. పాఠకులు అడుగుతున్నది అదే. ఉత్తరం ఆమెకు అందిందనుకుని కథ నడిపి చూడండి. అప్పుడు విడిపోయేవాళ్లు కాదంటే, మీ కథ నడుపుతున్నది అక్కగారే!

జేన్ ఆస్టిన్ నవల ‘పర్స్యుయేషన్’ (1817) చూడండి. అందులో యాన్, వెంట్‌వర్త్ జంట విడిపోయింది అపార్థంవల్ల కాదు, పెద్దావిడ మాట విని యాన్ పెళ్లి వద్దనుకోవడంవల్ల. ఎనిమిదేళ్లు గడిచి మళ్లీ దగ్గరయ్యాక వెంట్‌వర్త్ ఒక మాట అడుగుతాడు: రెండేళ్లకే చేతిలో డబ్బు, హోదా వచ్చాయి, అప్పుడు రాసి ఉంటే ఒప్పుకునేదానివా అని. ఒప్పుకునేదాన్నే అంటుంది. మిగతా ఆరేళ్లూ అతని పౌరుషం ఖాతాలోకే.

మీరూ ఉత్తరాన్ని ఆమె చేతికి అందనివ్వండి. కవరు మీద దస్తూరీ గుర్తుపట్టింది. చదివితే మెత్తబడతానని తెలుసు, అందుకే కవరు తెరవకుండానే బీరువా అడుగున పడేసింది. అతనేమో ఏదైనా ఒక్కసారే అడిగే రకం. జవాబు రాలేదు, రెండో ఉత్తరం రాయలేదు. ఈ గుణం ఇప్పటి కథలోనూ కనబడాలి. జీతం పెంచమని ఒకసారి అడిగి, కాదనగానే రాజీనామా పడేసే సీను మూడో అధ్యాయంలో వేస్తే, ఉత్తరం సంగతి వచ్చేసరికి పాఠకుడికి మీరు వేరే చెప్పక్కర్లేదు.

నిజాన్ని చివరిదాకా దాచొద్దు. 30 అధ్యాయాలైతే 16, 17 దగ్గర బయటపెట్టండి. ‘అసలేం జరిగింది’ అన్నది తేలిపోయాక ‘మళ్లీ నమ్మడమెలా’ అన్నది మిగులుతుంది, రెండో సగానికి అదే సరుకు. అక్కడ కథ చప్పబడిందని కొత్త అపార్థం తెచ్చిపెట్టకండి: హోటల్లో అతని పక్కన ఎవరో అమ్మాయి, తీరా చూస్తే చెల్లెలు! అలాగే అసలు మాట చెప్పబోతుంటే కాలింగ్ బెల్ మోగడం ఒకసారైతే సరే. రెండోసారి మోగితే తలుపు బయట ఉన్నది రచయితేనని తెలిసిపోతుంది.

ప్రశ్న: అధ్యాయాలు ఒకటి అతని వైపునుంచి, ఒకటి ఆమె వైపునుంచి రాస్తున్నాను. రహస్యం దాగేదెలా?

జవాబు: దాచలేరు. అతని మనసులో కూర్చుని కథ చెబుతూ ఉత్తరం ఊసెత్తకపోతే పాఠకుడు మోసపోయాననుకుంటాడు. పాఠకుడికి ముందే చెప్పేయండి, ఉత్తరంలో ఏముందో ఆమెకు మాత్రం కథ సగందాకా తెలియనివ్వకండి. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని వాన గురించి మాట్లాడుకున్నా సీను బిగి సడలదు.