కాయలు తీసినవాడు దొంగ, సొసైటీ డబ్బు తిన్నాయన?

సందేహం: మా సమాజశాస్త్రం నోట్సులో ‘తెల్లకాలరు నేరం’ అని ఉంది. అది మంచి తెలుగేనా? ఇంకొకటి. మా వైపు కొబ్బరికాయలు ఎత్తుకుపోయినవాణ్ణి దొంగ అంటారు; సొసైటీ డబ్బు తినేసినాయన దగ్గరకొచ్చేసరికి ‘అవకతవకలు’ అంటారు. ఏది సరైన వాడుక?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

సమాధానం: ‘తెల్లకాలరు నేరం’తో వ్యాకరణానికి పేచీ లేదు, మన నేలకే పేచీ. అమెరికా సమాజశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ 1939లో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. పరువూ హోదా ఉన్న మనిషి తన వృత్తిలో భాగంగా చేసే నేరమని ఆయన భావం. అక్కడ తెల్లచొక్కా ఆఫీసు కుర్చీకి గుర్తు. డెల్టాలో గట్టు మీద నిలబడ్డ ఆసామిదీ తెల్లచొక్కాయే, పెళ్లికి బయల్దేరిన, కొబ్బరికాయలు దించే దింపు కార్మికుడిదీ తెల్లచొక్కాయే. ‘శ్వేతవస్త్ర నేరం’ అందామా అంటే నర్సమ్మలు కొట్టడానికొస్తారు. ‘పెద్దమనిషి నేరం’ అందామంటే ఆ మాటకు మన ఇళ్లలో వేరే అర్థం ఉంది. నాకు నచ్చింది ‘హోదాచాటు నేరం’.

మీ రెండో ప్రశ్నలోనే అసలు పస ఉంది. తెలుగులో క్రియాపదం చివరి అక్షరమే మనిషి అంతస్తు చెప్పేస్తుంది. ‘గెల కోసుకుపోయాడు’. ‘సొసైటీ డబ్బులు వాడేసుకున్నారండి’. ఒకచోట డు, ఒకచోట రు. పైగా ‘వాడుకున్నారు’ట, పెరట్లో నూతినీళ్లు తోడుకుని వాడుకున్నట్టు! ఇంకో చిత్రం చూడండి: దొంగ సంతకం, దొంగ లెక్క, దొంగ బిల్లు. ‘దొంగ’ వెళ్లి కాగితానికి అంటుకుంది. సంతకం దొంగదే, పెట్టినాయన మాత్రం ‘ఆయనే’.

చట్టం లెక్క వేరు. 5,000 రూపాయల లోపు సొత్తు దొంగిలించి మొదటిసారి శిక్ష పడినవాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తే, భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్ష సమాజసేవ. ప్రభుత్వోద్యోగి, బ్యాంకరు, ఏజెంటు వంటివారు తమకు అప్పగించిన సొమ్ము కాజేస్తే యావజ్జీవం దాకా పడవచ్చు. ఆ నేరం పేరు దొంగతనం కాదు, నమ్మకద్రోహం. సొమ్ము ముందే చేతిలో ఉంది కదా. అందుకని లెక్కలకు పొంతన లేనంతవరకే ‘అవకతవక’ అనండి. తిన్నట్టు తేలాక ‘కాజేశారు’ అనాలి. తేలేదాకా ఇద్దరూ నిందితులే, కాయల కేసులో ఉన్నవాడు కూడా.

‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’ అన్న సామెత సమాజశాస్త్రానికీ పనికొచ్చేదే. 1950లలో షార్ట్, నై అనే అమెరికా పరిశోధకులు పోలీసు రికార్డులు పక్కనపెట్టి, ఏమేం తప్పులు చేశారో కుర్రాళ్లనే అడిగారు. రికార్డుల్లో పేదపిల్లలకూ కలిగినపిల్లలకూ మధ్య కనిపించే దూరం ఆ జవాబుల్లో బాగా తగ్గిపోయింది. అడిగినవి ఎక్కువగా చిల్లర తప్పులేనని తర్వాతివాళ్లు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలోనూ న్యాయం ఉంది.

పరీక్షలో మాత్రం ‘తెల్లకాలరు నేరం’ అనే రాయండి. దిద్దేవారి దగ్గర నా ‘హోదాచాటు’ చెల్లదు.